రంగు పెన్సిళ్లకు వేఱు మెండరేల?

చిత్రలేఖనపు తరగతిలో రంగు పెన్సిలు చెక్కుచుండగనే మొన విఱుగుట, మరల చెక్కగా మరల విఱుగుట విద్యార్థులెల్లరు నెఱిగినదే. ఇట్లు తలిదండ్రులు కొనియిచ్చిన పెన్సిలులో సగము చెక్కుపొట్టుగా పోవుచున్నది. దీనికి కారణమేమో విచారింతము.

వ్రాత పెన్సిలులోని నల్లకడ్డీ సీసము గాదు. గ్రాఫైటును బంకమట్టిని కలిపి కొలిమిలో కాల్చినది. ఈ పద్ధతికి 1795లో ఫ్రాన్సు దేశీయుడగు కాంటే పేటెంటు పొందెను. కాలిన కుండవలె నది గట్టిది. కావున సన్నని పొడుగాటి మొనకు నోర్చును. రంగుకడ్డీ యట్టిది గాదు. రంగుపొడిని మైనముతోనో నూనెతోనో జిగురుతో గలిపి దానిని చేయుదురు. కొలిమిలో కాల్చినచో మైనము కరగిపోవును గనుక కాల్చరు. అందువలన నది మెత్తనిది. సాధారణముగా లావైనది కూడ.

మెత్తని కడ్డీకి పొట్టి మొనయే తగును. కావున వెడల్పు కోణముగల మెండరు కావలెను. మఱియొక కారణము గలదు. వ్రాత పెన్సిలు చెక్కిన మెండరులో నల్లపొడి నిలుచును. అది పసుపుమొనకు అంటి చిత్రమును మలినపఱచును. రంగుకడ్డీ మైనము బ్లేడునకు అంటుకొని దాని పనిని మందగింపజేయును. మొద్దుబాఱిన బ్లేడు కోయదు, చీల్చును.

కావున రంగులకు వేఱు మెండరుంచుకొని, బ్లేడును చిన్న కుంచెతో తుడుచుచు, మెల్లగా త్రిప్పవలెను. అది లేనివారు పెద్దల సాయమున చాకుతో పొట్టిమొన చెక్కించుకొనవచ్చును. పెన్సిలును క్రింద పడవేయరాదు. పైకి గానరాకున్నను కడ్డీ లోపలనే విఱుగును. అప్పుడే మెండరును దానిని కాపాడజాలదు.