కొండపల్లెలకు చేరవలసిన డిజిటల్ సేవ

టవరు నిలిపినంత మాత్రాన గిరిజన గ్రామానికి డిజిటల్ సేవలు అందినట్లు కాదు. అయితే టవరు లేనిదే మొదటి మెట్టు కూడా లేదు. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాలలో 7,287 గ్రామాలకు 4జి సౌకర్యం కల్పించే పథకాన్ని ఆమోదించింది. అంచనా వ్యయం సుమారు 6,466 కోట్ల రూపాయలు. 2023 నవంబరు 15న ఖూంటీలో ఆరంభమైన పీఎం జన్‌మన్ పథకం, అత్యంత వెనుకబడిన 75 గిరిజన సముదాయాలకు ఇళ్లు, రోడ్లతో పాటు మొబైల్ టవర్లను కూడా ఉద్దేశించింది.

సంకేతం వచ్చిన తరువాత ఎదురయ్యేది భాష. సవరలు ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోను నివసిస్తున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి వారి భాష నేర్చి, పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించ పూనుకొన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. తెలుగువారు వ్యావహారిక భాషోద్యమానికే ఆయనను స్మరించి ఈ కృషిని మరచిపోవడం విచారకరం. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో స్థానం లభించింది. అయినప్పటికీ లిపికి యూనికోడ్ సంఖ్య లభించడం వేరు, ప్రభుత్వ దరఖాస్తు ఆ లిపిలో దొరకడం వేరు. పైగా సవరలలో అనేకులు ఒడియా, తెలుగు, రోమను లిపులలో వ్రాస్తారు. చదువు రానివారికి ఏ లిపి అయినా ఒకటే. అందువల్ల మాటను విని బదులు పలికే సాధనాలకు ప్రాధాన్యం హెచ్చు. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో విడుదల చేసిన ‘ఆది వాణి’ అనువాద సాధనం సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో మొదలైంది. తరువాతి వరుసలో కుయి, గారో ఉన్నాయి. తొలి జాబితాలో సవర లేదు.

అన్నిటికంటె సున్నితమైనది రేషను విషయం. కాయకష్టంతో వేలిరేఖలు అరిగినవారిని యంత్రం గుర్తించదు. సంకేతం అందని చోట గుర్తించినా ఫలితం లేదు. ఆధార్ ధ్రువీకరణ విఫలమైనదన్న కారణంతో అర్హులకు సరుకులు నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు ఆదేశించింది. నగరంలో నిర్మాణపు పనులకు వచ్చిన గిరిజన కుటుంబం తన జాతీయ ఆహార భద్రత కార్డుపై ఇక్కడి చౌక దుకాణంలోనే బియ్యం పొందవచ్చు. వేలిముద్ర పడకపోతే మరొక గుర్తింపు పత్రం చూపి, మినహాయింపుల పుస్తకంలో నమోదు చేయించుకొని సరుకులు ఇమ్మని కోరవచ్చు. ఆ మాటను ఒడియాలోనో తెలుగులోనో దుకాణదారునికి చెప్పగలిగే ఇరుగుపొరుగు మనిషి తోడుంటే పని సులువవుతుంది.