మందు మొదలుపెట్టిన తొలి దినములు
పఠనభాగము: 1 రాజులు 19:1–8



బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలునని చావు కోరుకొన్న ఏలీయాను మనమెల్లరము ఎరుగుదుము. దూత అతనిని తట్టి లేపి అప్పమును నీళ్లను చూపెను. అతడు తిని త్రాగి వెంటనే ప్రయాణమయ్యెనా? లేదు, మరల పండుకొనెను. ఈ మాటను మనము చదివి త్వరగా దాటిపోవుదుము. మొదటి భోజనముతో అతని అలసట తీరలేదు. దూత రెండవమారు రావలసి వచ్చెను. వచ్చినప్పుడు అతనిని గద్దింపనూ లేదు.

దిగులు జబ్బునకు మందు పుచ్చుకొనువారి సంగతి ఈ నెల పాఠముగా తీసికొనుచున్నాము. మన పల్లెలలో తరచుగా జరుగునది ఇది. నెలల తరబడి నిద్రలేక, అన్నము సహింపక, ఊరకనే ఏడ్చుచున్న ఒక సహోదరి ఎట్టకేలకు బస్సెక్కి పట్నము వెళ్లి డాక్టరుకు చూపించుకొనును. ఆయన మాత్రలు వ్రాసి ఇచ్చును. మూడవ దినమునకు కడుపులో త్రిప్పును, తల నొప్పిపెట్టును, చేతులు వణకును, ఉన్న కాస్త నిద్రయు పోవును. ప్రక్కింటామె వచ్చి, “ఒలప్పా, అవి పిచ్చోళ్లకిచ్చే మాత్రలు కాదేటి, మానేయ్” అనును. సంఘములోని వారొకరు, విశ్వాసముంటే మాత్రలెందుకని అందురు. ఈ రెండవ మాట మనలో కొందరము అన్నదే. దానిని మనము వెనుకకు తీసికొనవలెను. నాలుగవ దినమున మాత్రలు గూటిలోనికి పోవును, జబ్బు మాత్రము మంచమునందే ఉండును.

ఆమెకు ఎవరును ముందుగా చెప్పని సంగతి ఒకటి కలదు: ఈ మందులలో కష్టము ముందు వచ్చును, మేలు వెనుక వచ్చును. సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూయోక్సెటిన్ అనునవి మన శరీరములోని సెరటోనిన్ అను పదార్థము మీద పనిచేయును. అది మెదడులోనిదని మనమనుకొందుము గాని, దానిలో దాదాపు 90 పాళ్లు ప్రేగులలోనే ఉన్నది. కాబట్టి కడుపునకే ముందు తెలియును. వికారము, విరేచనములు, తలనొప్పి వంటివి చాలమందికి ఒకటి రెండు వారములలో తగ్గిపోవును. మనస్సు తేలికపడుట మొదలగుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. పూర్తి ఫలితము తెలియుటకు ఆరు వారములైనను కావచ్చును. నాలుగవ దినమున మానివేసినవారు కష్టమునంతయు పడి మేలును చూడకయే పోవుదురు.

క్షయకు మందు పుచ్చుకొన్నవారిని అడుగుడి. రిఫాంపిసిన్ మొదలుపెట్టగానే మూత్రము ఎఱ్ఱబడును. ముందుగా చెప్పనియెడల నెత్తురు పడుచున్నదని హడలిపోవుదురు. చెప్పినయెడల ఎవరును భయపడరు. (దిగులుకు మందు దొరకినదియు క్షయ మందువలననే. 1952లో న్యూయార్కులోని క్షయ ఆసుపత్రిలో ఇప్రోనియజిడ్ పుచ్చుకొన్న రోగులు ఉత్సాహముగా లేచి తిరుగుట చూచి వైద్యులు ఆశ్చర్యపడిరి.)

చిన్న బాధలకు చేయదగినవి ఉన్నవి. మాత్రను పరగడుపున కాక చోడి అంబలియో అన్నమో తిన్న తరువాత వేసికొనవచ్చును. నిద్ర చెడగొట్టు మాత్రను ఉదయమునను, మత్తు కలిగించు దానిని రాత్రియును వేసికొనుటకు డాక్టరు నడుగవలెను. అమిట్రిప్టిలిన్ వంటి పాత మందులతో నోరెండుట, మలబద్ధకము, మత్తు ఎక్కువ. కనుక మందు అలవాటు పడువరకు కొబ్బరిచెట్టు ఎక్కుట, పడవమీద వేటకు పోవుట, మోటారు సైకిలు నడుపుట వద్దు. కల్లు, సారా ముట్టరాదు. దాంపత్య విషయములో ఆసక్తి తగ్గుట చాలమందికి కలుగును. ఇది తనంతట తాను పోకపోవచ్చును. సిగ్గుచేత చెప్పక మందు మానివేయుదురు గాని, చెప్పినయెడల డాక్టరు మోతాదునో మందునో మార్చగలరు.

ఉద్దానము వారికి ప్రత్యేకముగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము ప్రాంతములలో మూత్రపిండముల జబ్బు ఎంతమంది యిండ్లను కూల్చినదో మనము చూచుచునే ఉన్నాము. దానితో కూడ దిగులును వచ్చును. అట్టివారు పాత చీటీలన్నియు ఈ డాక్టరుకు చూపవలెను. మోకాళ్లనొప్పికి దుకాణములో కొనెడు మాత్రలను వీటితో కలిపినయెడల కడుపులో నెత్తురు పడు ప్రమాదము పెరుగును. రక్తపోటునకు నీరు పోవు మాత్రలు వాడు వృద్ధులకు ఒంటిలో ఉప్పు తగ్గి మతి తప్పవచ్చును. దానిని వయస్సు దోషమని విడిచిపెట్టక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక ఓర్చుకొనరాని సంగతులు. ఒంటిమీద దద్దురులు, ముఖము వాపు, మూర్ఛ. జ్వరముతో కూడ వణకు, బిగుసుకుపోవుట, కలవరము. రాత్రులు నిద్రలేకయే మితిమీరిన ఉత్సాహముతో మాటలాడుట – వీటిలో ఏది కనబడినను ఆ దినమే డాక్టరు వద్దకు పోవలెను, లేదా 108కి ఫోను చేయవలెను. యౌవనస్థుల విషయములో మరింత జాగ్రత్త కావలెను. మందు తొలి వారములలోను మోతాదు మార్చినప్పుడును కొందరికి చావు తలంపులు పెరుగవచ్చునని 2004లో అమెరికా ఔషధ శాఖ పిల్లలను గూర్చి హెచ్చరించి, 2007లో దానిని 24 ఏండ్ల వయస్సు వరకు విస్తరించెను. కాబట్టి ఇంటివారు ఆ వారములలో వారిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందు డబ్బాను ఇంటిలో ఉంచక మరొకరి యింట దాచవలెను. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడుగుటకు జంకనక్కరలేదు, అడుగుటవలన ఆ తలంపు పుట్టదు.

మేలు కలిగిన తరువాతను ఒక్కసారిగా మానరాదు. మానినయెడల తల తిరుగును, కరెంటు కొట్టినట్లుండును. ఇది సారాకు బానిసయగుట వంటిది కాదు. మెల్లగా తగ్గించినయెడల తేలికగా గడచును. ఒక మాత్ర మరచినయెడల మరునాడు రెండు మ్రింగరాదు.

శ్రీకాకుళము, విజయనగరము ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలోను, 1871 నుండి ఉన్న విశాఖపట్టణము ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను చూపించుకొనవచ్చును. బస్సు ఛార్జీకి లేనివారు 14416కి ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రభుత్వము మొదలుపెట్టిన టెలీ మానస్ అది; తెలుగులో మాటలాడుదురు, డబ్బు పుచ్చుకొనరు.

మన సంఘములో ఎవరైన మందు మొదలుపెట్టితిమని మనతో చెప్పినయెడల, వారు అడుగనిదే ఆదివారపు ప్రార్థన మనవులలో వారి పేరు చదువకుందము. నాలుగవ దినమున వారి యింటికి వెళ్లుదము. వంట కాకపోయినయెడల గిన్నెడు అంబలి తీసికొనిపోవుదము. మరుసటి వారమున మరల వెళ్లుదము.