నీ గుర్తు ఏది?

(సండేస్కూలు, యౌవనస్థుల కూటములకు పాఠము)

వాక్యభాగము: ఆదికాండము 49:1–28, యెషయా 42:1–4
పాఠ ఉద్దేశము: మన గుణమును ఒక చిన్న బొమ్మలో దాపరికము లేకుండ చూపుట.



నాందేడ్‌లో పెరుగుచున్న మన పిల్లలు గురుద్వారాలో ఎగురు నిశాన్ సాహెబ్ జెండాను దూరము నుండియే గుర్తుపట్టుదురు. ఎన్నికల గుర్తులన్నియు వారికి కంఠపాఠమే. "మరి నీ గుర్తు ఏది?" అని అడిగిచూడండి. పాఠము అక్కడే మొదలగును. తెలుగు అక్షరములు రాని పిల్లవాడును బొమ్మ గీయగలడు, గీసినదానిని గూర్చి తెలుగులో చెప్పగలడు.

వాక్య ధ్యానము

యాకోబు చివరి దినములలో కుమారులను పిలిచి ఒక్కొక్కరిని గూర్చి మాట్లాడెను. యూదాను సింహముతోను, ఇశ్శాఖారును గాడిదతోను, నఫ్తాలిని లేడితోను, బెన్యామీనును తోడేలుతోను పోల్చెను. రూబేనును నిలకడలేని నీళ్లతో పోల్చెను. తండ్రి పొగడ్త మాత్రమే చెప్పలేదు, లోపమును కూడ చెప్పెను. నిజమైన గుర్తులో రెండును ఉండవలెను.

చరిత్రలో

మార్టిన్ లూథరు తన ముద్రకు అర్థమును 1530లో ఒక స్నేహితునికి ఉత్తరములో వివరించెను. ఎఱ్ఱని హృదయములో నల్లని సిలువ, దాని చుట్టు తెల్లని గులాబి. సిలువ బాధించునది, అయినను హృదయమును బ్రదికించునదని ఆయన భావము.

మన తెలుగు బాప్తిస్టులకును ఒక గుర్తు కలదు. 1853లో అమెరికాలోని ఆల్బనీ సభలో నెల్లూరు మిషనును మూసివేయుటను గూర్చి చర్చ జరిగెను. పటములో నెల్లూరు ఒక్కటే చుక్కగా కనబడుటచేత దానికి "ఒంటరి నక్షత్రము" అను పేరు వచ్చెను. అది బలహీనతను చూపిన పేరు. అయినను 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

చేయవలసిన పని

1. మీ గుణములు మూడు వ్రాయండి: రెండు మంచివి, ఒకటి దిద్దుకొనవలసినది.
2. "నాతో కలిసి ఉండుటలో కష్టమేమి?" అని ఇంటివారిని అడగండి. జవాబు వినునప్పుడు అడ్డు చెప్పకండి.
3. ఈ గుణములకు సరిపోవు వస్తువును ఇంటిలోనే వెదకండి: సూది, తాళపుచెవి, నిచ్చెన, తిరగలి.
4. బొమ్మ గీసి, ఎందుకో రెండు మాటలలో చెప్పండి.

ఒక సాక్ష్యము

మా తరగతిలో నేను కిరసనాయిలు దీపము గీసితిని. పదిమందికి వెలుగు చూపిన ఉపాధ్యాయుడనని లోపల గర్వము. నా భార్య చూచి, "బాగుందండీ, పొగ కూడా గీయండి" అన్నది. అందరు నవ్విరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా వెలుగులో చదువుకొన్న కుమారుడే నా కోపపు పొగ భరించలేక ఫోను చేయుట తగ్గించెను. ఆమె ఆ సంగతినే చెప్పక చెప్పినది. మరునాడు ఉదయము నేనే ఫోను చేసి, "తప్పు నాదిరా, నాయనా" అంటిని. కొంతసేపు మౌనము. తరువాత, "భోజనం చేశావా, నాన్నా?" అని వాడు అడిగెను.

పొగలు చిమ్ము వత్తిని ప్రభువు ఆర్పివేయడని యెషయా ప్రవచనము చెప్పుచున్నది. అది నా ఆదరణ. మసిపట్టిన చిమ్నీని తుడుచుకొనుట మాత్రము నా పని.

ఒక హెచ్చరిక

మోషే చేసిన ఇత్తడి సర్పమునకు ప్రజలు ధూపము వేయగా హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). మన బొమ్మ తాయెత్తు కాదు, అద్దము వంటిది. గుణము మారినప్పుడు బొమ్మను కూడ మార్చండి.

చర్చించుటకు ప్రశ్నలు

1. యాకోబు మాటలలో ఏది వినుటకు కష్టమైనది? ఎందుకు?
2. మీ గుర్తులో మీరు గీయక విడిచిన "పొగ" ఏది?
3. దానివలన బాధపడినవారితో ఈ వారము ఏమి మాట్లాడెదరు?