మైళ్ళు – మర్యాదలు

పాఠ్యభాగ ఉద్దేశం

విమానయాన సంస్థలు తరచూ ప్రయాణించేవారి కోసం నడిపే మైళ్ళ పథకాల పుట్టుకను, వాటిలో వస్తున్న మార్పులను తెలుసుకోవడం. వ్యాపార సంస్థ ఇచ్చే ప్రోత్సాహకానికీ, చట్టం కల్పించే హక్కుకూ గల భేదాన్ని గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన సంతలలో ‘కొసరు’ అనే ఆచారం ఉంది. కూరగాయలు తూచి ఇచ్చిన తరువాత అమ్మేవారు మరొక గుప్పెడు అదనంగా సంచిలో వేస్తారు. ఆ గుప్పెడుకు ధర లేదు, లెక్క లేదు. రేపు కూడా ఈ దుకాణానికే రమ్మనే పిలుపు మాత్రం అందులో ఉంటుంది. ‘అసలు కంటే కొసరు ముద్దు’ అనే నానుడి ఈ ఆకర్షణనే తెలుపుతుంది. ఈ చిన్న కొసరును లెక్కల పుస్తకంలోకి ఎక్కించి, ప్రపంచవ్యాప్తమైన వ్యాపారంగా మలచినవి విమానయాన సంస్థలు.

పథకాల పుట్టుక

అమెరికాలో చాలాకాలం రాష్ట్రాల మధ్య నడిచే విమానాల మార్గాలనూ, టికెట్ ధరలనూ ప్రభుత్వమే నిర్ణయించేది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ నియంత్రణలను తొలగించే చట్టం వచ్చింది. సంస్థల మధ్య పోటీ తీవ్రమైంది. ఒకే మార్గంలో, ఒకే రకమైన విమానాలు నడుపుతున్నప్పుడు ప్రయాణికుడు తమ సంస్థనే ఎందుకు ఎంచుకోవాలి అన్న ప్రశ్న ఎదురైంది.

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రారంభించిన ‘అడ్వాంటేజ్’ పథకం ఈ ప్రశ్నకు సమాధానంగా వెలువడింది. ఆ సంస్థకు ‘సేబర్’ అనే కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థ ఉంది. అందులో మళ్ళీ మళ్ళీ కనిపించే టెలిఫోన్ నంబర్ల ఆధారంగా తరచూ ప్రయాణించేవారిని గుర్తించి, వారిని తొలి సభ్యులుగా చేర్చుకొన్నారు. ఎగిరిన ప్రతి మైలూ ఖాతాలో జమ అవుతుంది. తగినన్ని చేరితే ఉచిత టికెట్ లభిస్తుంది. కొద్ది రోజులకే యునైటెడ్, అదే ఏడాది డెల్టా కూడా ఈ దారినే నడిచాయి.

వెండి, బంగారు అంతస్తులు

ఈ పథకాలలో రెండు లెక్కలు ఉంటాయని గమనించాలి. మొదటిది ఖర్చు చేసుకోదగిన మైళ్ళ లెక్క. వీటితో టికెట్లు పొందవచ్చు. రెండవది అర్హత లెక్క. ఒక ఏడాదిలో నిర్ణీత పరిమితిని దాటిన సభ్యునికి వెండి, బంగారం, ప్లాటినం వంటి హోదాలు దక్కుతాయి. ప్రత్యేక వరుస, విశ్రాంతి మందిరంలో ప్రవేశం, ఖాళీ ఉంటే పై తరగతిలో ఆసనం, అదనపు సామాను వంటి మర్యాదలు హోదాను బట్టి లభిస్తాయి. అమెరికాలోని పిల్లల దగ్గరకు పచ్చళ్ళు, పిండివంటలు మోసుకువెళ్ళే తెలుగు తల్లిదండ్రులకు ఆ అదనపు సామాను విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. అయితే హోదా శాశ్వతం కాదు. సాధారణంగా దానిని ప్రతి ఏటా మళ్ళీ సంపాదించుకోవాలి.

కొసరే సరకైన వేళ

కాలక్రమంలో సంస్థలు మైళ్ళను బ్యాంకులకూ, ఇతర వ్యాపారులకూ అమ్మసాగాయి. కార్డుతో బియ్యం కొన్నా, ఫీజు కట్టినా మైళ్ళు వస్తాయి. ఆ మైళ్ళకు బ్యాంకు విమానయాన సంస్థకు సొమ్ము చెల్లిస్తుంది. 1999లో కాలిఫోర్నియాకు చెందిన ఒక ఇంజనీరు, ఒక ఆహార సంస్థ ప్రకటించిన మైళ్ళ కోసం 12 వేలకు పైగా పుడ్డింగు కప్పులు కొన్నాడు. సుమారు 3 వేల డాలర్ల ఖర్చుతో 12 లక్షలకు పైగా మైళ్ళు సంపాదించాడు. విమానం ఎక్కకుండానే మైళ్ళు కూడబెట్టే కాలం వచ్చిందనడానికి ఇది నిదర్శనం.

కోవిడ్ మహమ్మారి ఈ వ్యాపారం పరిమాణాన్ని లోకానికి చూపింది. 2020లో విమానాలు నేలమీద నిలిచిపోయాయి. ఆ ఏడాది యునైటెడ్ తన మైళ్ళ పథకాన్ని తనఖా పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్ల డాలర్లు రుణంగా సమీకరించాయి. 2021లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఇదే విధంగా 1,000 కోట్ల డాలర్లు పొందింది. విమానాలు కదలకపోయినా మైళ్ళ పుస్తకంపై రుణదాతలకు నమ్మకం సడలలేదు.

దూరం నుండి ధనానికి

మైళ్ళు అనే పేరు నిలిచింది గాని, వాటిని కొలిచే పద్ధతి మారిపోయింది. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణించిన దూరానికి బదులు టికెట్‌కు చెల్లించిన సొమ్మును బట్టి మైళ్ళు ఇవ్వడం ప్రారంభించాయి. హైదరాబాదు నుండి అమెరికాకు చౌక టికెట్‌పై వెళ్ళే విద్యార్థి వేల మైళ్ళు ఎగురుతాడు. కంపెనీ ఖర్చుతో ఖరీదైన టికెట్‌పై వెళ్ళే అధికారి కొద్ది దూరమే ఎగరవచ్చు. పాత పద్ధతిలో విద్యార్థికి మేలు. కొత్త పద్ధతిలో అధికారికి మేలు.

హోదాల విషయంలోనూ ఇదే మార్పు వచ్చింది. 2023 సెప్టెంబరులో డెల్టా, ఇకపై ఖర్చు ఒక్కటే కొలమానమని, అత్యున్నత హోదాకు 35 వేల అర్హత డాలర్లు అవసరమని ప్రకటించింది. సభ్యులు తీవ్రంగా నిరసించారు. మార్పులలో తాము హద్దు దాటామని సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ అంగీకరించారు. మరుసటి నెలలో ఆ పరిమితిని 28 వేలకు తగ్గించారు. కొలమానం మాత్రం మారలేదు. 2025 ఏప్రిల్ 1 నుండి బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా ఖర్చు ప్రాతిపదికను అనుసరించింది. బంగారు హోదాకు 20 వేల పాయింట్లు, పౌనుకు ఒక పాయింటు అని నిర్ణయించింది.

మన దేశంలో ఎయిర్ ఇండియా 2024లో దూరానికి బదులు ఖర్చును లెక్కలోకి తీసుకొన్నది. అదే ఏడాది నవంబరు 12న విస్తారా ఆ సంస్థలో విలీనమైంది. దాని సభ్యుల ఖాతాలు ‘మహారాజా క్లబ్’లోకి చేరాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాయి. పథకం వేరే సంస్థ చేతిలో ఉండడం వల్ల ‘ఇంటర్‌మైల్స్’ పేరుతో కొనసాగింది. కాని ఎగరని విమానంలో బంగారు హోదాకు అర్థం లేకపోయింది.

వాగ్దానమా? హక్కా?

ఒక సంస్థ తన నియమాలను ఏకపక్షంగా మార్చవచ్చునా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1988లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ చేసిన మార్పులు, అంతకు ముందే కూడబెట్టిన మైళ్ళకు కూడా వర్తించాయని సభ్యులు వాదించారు. సంస్థ తాను స్వయంగా చేసిన ఒప్పందాన్ని ఉల్లంఘించిందంటూ దావా వేసే అవకాశం సభ్యులకు ఉందని 1995లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే ఒప్పందంలోనే ‘నియమాలను మార్చే అధికారం సంస్థకు ఉంది’ అనే వాక్యం ఉంటే ఈ రక్షణ బలహీనపడుతుంది.

మరొక వ్యాజ్యంలో, అతిగా ఫిర్యాదులు చేస్తున్నాడని నార్త్‌వెస్ట్ సంస్థ 2008లో ఒక సభ్యుని పథకం నుండి తొలగించింది. సద్భావనతో వ్యవహరించడం సంస్థ బాధ్యత అని ఆయన వాదించాడు. 1978 నాటి చట్టం ఆ వాదనకు అడ్డుపడుతుందని 2014లో న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. నచ్చని ప్రయాణికుడు మరొక సంస్థ పథకాన్ని ఎంచుకోవచ్చునని కూడా పేర్కొంది. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద సంస్థల పథకాలపై విచారణ ప్రారంభించడానికి ఇటువంటి అసమానతపై ఆందోళనే కారణం.

ముగింపు

సంతలో కొసరు అక్కడికక్కడే సంచిలో పడుతుంది. విమానపు కొసరు రేపటి వాగ్దానంగా ఖాతాలో ఉంటుంది; దాని విలువను నిర్ణయించే అధికారం ఇచ్చినవారి చేతిలోనే ఉంటుంది. కనుక మైళ్ళను ధనంలా దాచుకోక అవసరానికి వాడుకోవడం, హోదా కోసం అక్కరలేని ప్రయాణాలు చేయకపోవడం, సంతకానికి ముందు నియమావళిని చదవడం వివేకవంతుల లక్షణం. కార్డులు, పాయింట్లు, బహుమతులతో నిండిన లోకంలోకి అడుగుపెట్టే యువతకు ఈ వివేకం ఎంతైనా అవసరం.

కఠిన పదాలు – అర్థాలు

కొసరు: కొన్న వస్తువుపై అదనంగా ఇచ్చేది
కొలమానం: కొలిచే సాధనం, ప్రమాణం
తనఖా: అప్పుకు హామీగా పెట్టిన ఆస్తి
ఏకపక్షంగా: రెండవ పక్షం సమ్మతి లేకుండా
వ్యాజ్యం: న్యాయస్థానంలోని వివాదం
సద్భావన: మంచి ఉద్దేశం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మైళ్ళ పథకాలు పుట్టిన పరిస్థితులను, వాటిలో వచ్చిన మార్పులను వివరించండి.
2. ‘వాగ్దానమా? హక్కా?’ అన్న ప్రశ్నను రెండు తీర్పుల ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఖర్చు చేసుకోదగిన మైళ్ళకూ, అర్హత లెక్కకూ గల భేదం ఏమిటి?
2. కొత్త పద్ధతి ఎవరికి మేలు చేస్తుంది? ఎందుకు?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘అడ్వాంటేజ్’ పథకం ఎప్పుడు ప్రారంభమైంది?
2. విస్తారా ఏ సంస్థలో విలీనమైంది?