నది ఒడ్డున ఇల్లు ఎవరికి? - లండన్ డాక్‌లాండ్స్ చెప్పే పాఠం

ఆదివారం పేపరు తిరగేస్తే ఒక ప్రకటన తప్పకుండా కనిపిస్తుంది. నది కనిపించే బాల్కనీ, ముప్పయ్యో అంతస్తు, ఈత కొలను, క్లబ్ హౌస్. ఆ బొమ్మలో నది ఉంటుంది, భవనం ఉంటుంది. అంతకుముందు ఆ స్థలంలో ఎవరు బతికారన్నది మాత్రం ఉండదు. పాత నగరాల్లో నదీతీరాలను ఇలా కొత్తగా కట్టడాన్ని పట్టణ పునరభివృద్ధి అంటున్నారు. భూగోళం, అర్థశాస్త్రం, సోషియాలజీ చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. దీనికి ఎక్కువగా చూపే ఉదాహరణ లండన్‌లోని డాక్‌లాండ్స్. 2024 జనవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి లండన్ వెళ్ళి, మూసీ కోసం థేమ్స్ నది నిర్వహణను చూసే అధికారులతో చర్చించారు. కాబట్టి థేమ్స్ కథ మనకు దూరపు కథ కాదు. దాన్ని మొదటినుంచీ తెలుసుకుందాం.

రేవు కట్టిన రోజుల్లో

డాక్ అంటే నది పక్కన తవ్వి, గేట్లు పెట్టిన పెద్ద నీటి మడుగు. ఓడ లోపలికి వచ్చి నిలబడితే సరుకు దింపుతారు. చుట్టూ గోదాములుంటాయి. థేమ్స్ పక్కన 1802లో వెస్టిండియా డాక్, 1806లో ఈస్టిండియా డాక్ తెరిచారు. 1611లోనే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ ఓడల కోసమే ఈ రెండోది కట్టారు.

1828లో లండన్ కోట పక్కనే సెయింట్ కాథరీన్ డాక్ తెరిచారు. దానికోసం సుమారు 1,250 ఇళ్ళు కూల్చారు. దాదాపు 11,300 మంది నిలువ నీడ లేనివాళ్ళయ్యారు. స్థలం యజమానులకు పరిహారం ముట్టింది. అద్దెకున్న పేదలకు ఏమీ ముట్టలేదు. ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది.

డాకుల చుట్టూ కూలీల వాడలు పెరిగాయి. పొద్దున్నే గేటు ముందు గుంపుగా నిలబడితే మేస్త్రీ కొందరిని ఎంచుకునేవాడు, మిగిలినవాళ్ళు ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళేవాళ్ళు. మన పట్నాల్లోని లేబర్ అడ్డాలను చూసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర లేదు. 1889లో గంటకు ఆరు పెన్నీల కూలి కావాలని సుమారు లక్షమంది సమ్మె చేసి గెలిచారు. ఇంగ్లండు కార్మికోద్యమ చరిత్రలో అదొక మైలురాయి.

రేవు మూతపడింది

1960ల నుంచి సరుకును పెద్ద ఇనుప పెట్టెల్లో, అంటే కంటైనర్లలో పంపడం పెరిగింది. వందలమంది హమాలీలు రోజుల తరబడి చేసే పని క్రేనుతో కొద్దిమందే చేసేస్తున్నారు. ఆ పెద్ద ఓడలు పాత డాకుల్లో పట్టవు. వ్యాపారం నది దిగువన ఉన్న టిల్బరీకి, ఇతర రేవులకు తరలింది. 1967లో ఈస్టిండియా డాక్‌తో మొదలై 1981లో రాయల్ డాక్స్‌తో అన్నీ మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయాయి. జనం మిగిలారు. 1981లో ఆ ప్రాంతంలో సొంత ఇల్లున్న కుటుంబాలు నూటికి అయిదు మాత్రమే. ఎక్కువమంది స్థానిక కౌన్సిల్ కట్టించిన ఇళ్ళలో తక్కువ అద్దెకు ఉండేవాళ్ళు.

కార్పొరేషన్ వచ్చింది

1981లో బ్రిటిష్ ప్రభుత్వం లండన్ డాక్‌లాండ్స్ అభివృద్ధి కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసింది. దాని పని మూడు మెట్లలో అర్థం చేసుకోవచ్చు.

మొదటిది అధికారం. ఏ స్థలంలో ఏం కట్టాలో నిర్ణయించే హక్కును, ప్రజలు ఎన్నుకున్న స్థానిక కౌన్సిళ్ళ నుంచి తీసి ఈ కార్పొరేషన్‌కు ఇచ్చారు. దాని సభ్యులను ప్రభుత్వమే నియమించింది.

రెండోది భూమి. ప్రభుత్వ సంస్థల చేతిలోని స్థలాలను కార్పొరేషన్‌కు బదలాయించారు. అది రోడ్లు, నీళ్ళు, మురుగు కాలువలు ప్రజల డబ్బుతో సిద్ధం చేసి ప్రైవేటు బిల్డర్లకు అమ్మింది.

మూడోది రాయితీ. 1982లో ఐల్ ఆఫ్ డాగ్స్ అనే చోట ప్రత్యేక మండలి ప్రకటించి, అక్కడ కట్టిన వ్యాపార భవనాలకు పదేళ్ళపాటు స్థానిక పన్ను లేకుండా చేశారు.

1987లో చిన్న రైలు మార్గం, విమానాశ్రయం వచ్చాయి. 1991లో కానరీ వార్ఫ్‌లో 235 మీటర్ల భవనం పూర్తయింది. మరుసటి ఏడాదే దాన్ని కట్టిన ఒలింపియా అండ్ యార్క్ కంపెనీ దివాలా తీసింది. తర్వాత కానరీ వార్ఫ్ కోలుకుంది. ఇప్పుడు అక్కడ లక్షకు పైగా జనం పనిచేస్తున్నారు. 1998లో మూతపడేనాటికి కార్పొరేషన్ హయాంలో సుమారు 24 వేల ఇళ్ళు కట్టారు. పాడుపడిన నేల బాగుపడిందన్నది కాదనలేని నిజం.

ఎవరికి దక్కింది?

కట్టిన ఇళ్ళలో ఎక్కువ భాగం అమ్మకానికి కట్టినవే. హమాలీ కొడుకు కొనగలిగే ధర కాదది. కొత్త ఉద్యోగాలు ఎక్కువగా బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో వచ్చాయి. బరువులు మోసే పని తెలిసినవాళ్ళకు అక్కడ దొరికింది ఊడ్చే పని, కాపలా పని. కానరీ వార్ఫ్ ఉన్న టవర్ హామ్లెట్స్, ఇంగ్లండులో పిల్లల పేదరికం అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఇప్పటికీ ఒకటి. అద్దాల మేడకూ ఆ పేద ఇంటికీ మధ్య నడకదూరమే.

పాత గోదాముల సంగతి చూద్దాం. కోట వంతెన పక్కనున్న బట్లర్స్ వార్ఫ్‌లో ఒకప్పుడు తేయాకు, మసాలా దినుసులు నిల్వచేసేవారు. 1972లో అది మూతపడింది. 1980ల నుంచి ఖరీదైన ఫ్లాట్లుగా మారింది. అక్కడి భవనాలకు దాల్చినచెక్క, లవంగం, ఏలకుల పేర్లున్నాయి. గోడలు నిలిచాయి, సరుకుల పేర్లు నిలిచాయి. ఆ బస్తాలు మోసినవాళ్ళ పేరు ఏ గుమ్మం మీదా లేదు. చరిత్రను కాపాడటం అంటే ఇటుకను కాపాడటమేనా అని మనం అడగాలి.

మాటల్లోనూ మెలిక ఉంటుంది. 2011లో ఇంగ్లండులో 'అందుబాటు అద్దె' అనే పద్ధతి తెచ్చారు. బజారు అద్దెలో నూటికి 80 దాకా వసూలు చేయవచ్చు. బజారు అద్దె చుక్కలంటిన చోట అందులో 80 శాతం ఎవరికి అందుబాటు?

మరో దారి ఉందా?

ఉంది. అదే నది దక్షిణపు ఒడ్డున, వాటర్లూ వంతెన దగ్గర కాయిన్ స్ట్రీట్ అనే చోటుంది. అక్కడ ఆఫీసులు, హోటలు కట్టాలని ప్రయత్నం జరిగితే, 1977 నుంచి స్థానికులు సంఘం పెట్టి ఎదిరించారు. వద్దని ఊరుకోలేదు, తమ సొంత ప్లాను తయారుచేశారు. ఏళ్ళ తరబడి విచారణలకు హాజరయ్యారు. 1984లో సుమారు 13 ఎకరాలు ఆ ప్రజల సంస్థకే దక్కాయి. ఇళ్ళు, పార్కు వంటి ప్రజోపయోగాలకే వాడాలన్న షరతుల వల్ల భూమి ధర తగ్గింది. సహకార సంఘాల ఇళ్ళు, తోట, అందరూ నడవగల నదీతీరపు బాట వచ్చాయి. అక్కడి ఆక్సో టవర్ భవనంలో పైన హోటలుంది, కింద దుకాణాలున్నాయి, మధ్య అంతస్తుల్లో సహకార సంఘం సభ్యులు తక్కువ అద్దెకు ఉంటున్నారు. నది కనిపించే ఇల్లు డబ్బున్నవాళ్ళకే అన్న నియమమేదీ లేదని ఆ భవనం చూపిస్తోంది.

మూసీ దగ్గరికి వద్దాం

1908 సెప్టెంబరు 28 నాటి వరద హైదరాబాదును ముంచింది. దాని తర్వాతే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నది గర్భంలో ఇల్లు ప్రమాదమేనన్నది నిజం. మురుగు పోయి మూసీ బాగుపడాలని అందరికంటే ముందు కోరుకునేది దాని పక్కన బతికేవాళ్ళే. 2024 చివర్లో నదిలోని ఇళ్ళకు గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకు తరలించారు. ఇల్లు మారితే కూలి అడ్డా, పిల్లల బడి, పాచిపనికి వెళ్ళే ఇళ్ళు అన్నీ మారిపోతాయి. ఆ లెక్క కూడా ఎవరో ఒకరు రాయాలి.

మనకు చట్టాలున్నాయి. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కింద సేకరణ జరిగితే, పట్టణాల్లో ఆ భూమి మీద మూడేళ్ళుగా నివసిస్తున్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా లెక్కించాలి. 1828లో లండన్ అద్దెదారుకు లేని రక్షణ ఇది. 2005 సమాచార హక్కు చట్టంతో కాగితాలు అడగవచ్చు.

కాబట్టి ఏ నగరంలో నదీతీరపు ప్లాను కనిపించినా ఈ అయిదు ప్రశ్నలు నోట్సులో రాసుకుందాం.

1. నిర్ణయించేది ఎన్నికైనవాళ్ళా, నియమితులైనవాళ్ళా?
2. భూమి ఎవరిది, ఏ ధరకు ఎవరికి వెళ్తోంది?
3. బాధితుల జాబితాలో అద్దెదారు ఉన్నాడా?
4. వచ్చే ఉద్యోగాలకు అక్కడివాళ్ళకు శిక్షణ ఉందా?
5. ఒడ్డు వెంబడి ఎవరైనా నడవవచ్చా, గేటు ఉంటుందా?

మన హాస్టల్ నుంచి రేపు ఇంజనీర్లు, సర్వేయర్లు, తహసీల్దార్లు అవుతారు. గుర్తు వేసే రంగు డబ్బా, జాబితా రాసే పెన్ను మన చేతికే రావచ్చు. ఆ రోజు ఆ ఇంటి తలుపు కొట్టి, ఇక్కడ ఎంతమంది ఉంటున్నారమ్మా, ఏం పని చేస్తారు అని అడిగి, అద్దెదారు పేరు కూడా రాద్దాం. మనలో చాలామంది అమ్మానాన్నల పేర్లు ఇంకా ఏ జాబితాకూ ఎక్కలేదు.