పాఠం 9: మద్యం అలవాటు, ఆరోగ్యం, డాక్టరు పరీక్ష

కువైట్‌లో పనిచేస్తున్న తెలుగు కార్మిక సోదరుల కోసం ఈ పాఠం. ఈ దేశంలో మద్యం తయారు చేయడం, తీసుకురావడం, అమ్మడం నేరమని విమానం ఎక్కక ముందే మీకు చెప్పి ఉంటారు. అది నిజమే. అయితే చట్టం ఒక్కటే చెప్పి ఊరుకుంటే, ఊళ్ళో రోజూ తాగే అలవాటుతో ఇక్కడికి వచ్చిన మనిషికి ఏ సాయమూ అందదు. అలవాటు ఉన్నవారు సిగ్గుతోనో భయంతోనో ఆ సంగతిని చివరిదాకా దాచిపెడతారు. దాచడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. కాబట్టి ఈ పాఠాన్ని ఓపికగా చదవండి. చదవడం రాని తోటివారికి చదివి వినిపించండి.

ఒక ఉదాహరణ

రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ అనుకోండి. వయసు 38. పదేళ్ళుగా రోజూ సాయంత్రం ఒక క్వార్టర్, పండగ వస్తే అంతకు రెట్టింపు. ప్రయాణానికి ముందు రాత్రి కూడా స్నేహితులతో కలిసి బాగా తాగాడు. కువైట్‌లో దిగిన మరుసటి రోజు చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట, కంటిమీద కునుకు లేదు. కొత్త చోటు, ఇంటి బెంగ అని గదిలో వాళ్ళు సరిపెట్టుకున్నారు. రెండో రాత్రి ఫిట్స్ వచ్చింది. మూడో రోజు గోడల మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో తనను పిలుస్తున్నారని కేకలు వేయసాగాడు. గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టారు. కాస్త మందు పడితే అదే తగ్గుతుందని ఇంకొకరు దొంగసారా కోసం బయలుదేరారు.

ఇద్దరిదీ మంచి మనసే, కానీ ఇద్దరూ పొరబడ్డారు. ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. ఇది మందులున్న జబ్బు. ఆలస్యమైతే ప్రాణం తీసే జబ్బు కూడా.

ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది?

మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగితే, మెదడు దానికి ఎదురీదుతూ ఎప్పుడూ ఉద్రేకంగా పనిచేయడానికి అలవాటు పడుతుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఉద్రేకం ఒక్కటే మిగులుతుంది. అందువల్ల కనిపించే లక్షణాలు ఇవి:

1. ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో: చేతుల వణుకు, చెమటలు, గుండె దడ, వాంతులు, నిద్ర పట్టకపోవడం.
2. మొదటి రెండు రోజుల్లో: కొందరికి ఫిట్స్.
3. రెండు నుంచి నాలుగు రోజుల్లో: కొందరికి జ్వరం, పొంతన లేని మాటలు, లేనివి కనిపించడం, వినిపించడం.

మొదటి రకం లక్షణాలు ఉంటే అదే రోజు డాక్టరును కలవాలి. రెండు, మూడు రకాలు కనిపిస్తే వెంటనే 112 కు ఫోన్ చేసి అంబులెన్సు పిలవాలి. రోజూ తాగేవారు డాక్టరు సలహా లేకుండా ఒక్క దెబ్బన మానేయడం ప్రమాదం. అంటే మానకూడదని కాదు, డాక్టరు పర్యవేక్షణలో మానాలని అర్థం.

దొంగసారా గురించి ముఖ్య హెచ్చరిక

ఇక్కడ చాటుగా అమ్మే సారాలో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు. అందులో మిథనాల్ అనే పరిశ్రమల రసాయనం కలిసి ఉండవచ్చు. రంగు, వాసన, రుచి చూసి దాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. 2025 ఆగస్టులో కువైట్‌లోనే కల్తీ మద్యం తాగి 160 మంది విషప్రభావానికి గురయ్యారని, 23 మంది చనిపోయారని ఇక్కడి ఆరోగ్య శాఖ ప్రకటించింది. బాధితుల్లో ఎక్కువమంది ఆసియా దేశాలవారు. 51 మందికి అత్యవసరంగా డయాలసిస్ చేయవలసి వచ్చింది, 31 మందిని వెంటిలేటర్ మీద ఉంచారు. కొందరికి చూపు పోయింది.

మిథనాల్ మోసం ఏమిటంటే, తాగిన వెంటనే మామూలు మత్తులాగే ఉంటుంది. శరీరంలో అది ఫార్మిక్ ఆసిడ్‌గా మారడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. మామూలు మద్యంతో కలిపి తాగితే ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ తరువాత తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, పొగమంచులో ఉన్నట్లు చూపు మసకబారడం మొదలవుతాయి. "నిద్రపోతే దిగిపోతుందిలే" అని పడుకోబెట్టకండి. దీనికి విరుగుడు మందులు, డయాలసిస్ ఆసుపత్రిలో ఉన్నాయి. ఎంత త్వరగా వెళితే చూపు, ప్రాణం దక్కే అవకాశం అంత ఎక్కువ. అదే సీసాలోది తాగిన మిగతావారు, బాగానే ఉన్నామని అనిపించినా సరే, తప్పక వెళ్ళాలి.

మద్యం శరీరాన్ని ఎలా దెబ్బతీస్తుంది?

కాలేయం: మొదట కొవ్వు చేరుతుంది. ఈ దశలో నొప్పి ఉండదు, మానేస్తే చాలావరకు బాగుపడుతుంది. మానకపోతే వాపు, ఆ తరువాత కాలేయం గట్టిపడి ముడుచుకుపోవడం. కళ్ళు పచ్చబడటం, కాళ్ళకు, పొట్టకు నీరు పట్టడం, రక్తపు వాంతులు ముదిరిన జబ్బుకు గుర్తులు.

కడుపు: పుండ్లు, మంట. క్లోమం వాచితే వీపుదాకా పొడిచే భరించలేని నొప్పి వస్తుంది.

గుండె, రక్తపోటు: బి.పి. పెరుగుతుంది, గుండె కండరం బలహీనపడుతుంది.

నరాలు, మెదడు: అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు. తిండి మానేసి తాగేవారికి బి1 విటమిన్ తగ్గి నడక తడబడుతుంది.

క్యాన్సర్: నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు క్యాన్సర్లకు మద్యం ఒక కారణం.

మనసు: మందు బాధను మరిపిస్తుందని అంటారు. నిజానికి అది దిగులును పెంచుతుంది, నిద్రను చెడగొడుతుంది. అప్పు, ఒంటరితనం తోడైతే ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చేది ఎక్కువగా అలాంటి రాత్రుల్లోనే.

పని: క్వార్టర్ అంటే 180 మి.లీ. అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం గంటకు సుమారు 10 గ్రాములకు మించి కరిగించలేదు. అంటే రాత్రి 11 గంటలకు క్వార్టరున్నర తాగినవాడి రక్తంలో తెల్లవారి 5 గంటలకు కంపెనీ బస్సు ఎక్కేటప్పటికి కూడా మద్యం ఉంటుంది. మజ్జిగ, నిమ్మకాయ, చన్నీళ్ళ స్నానం, కాఫీ వీటిలో ఏదీ దాన్ని దించలేదు. ఆ స్థితిలో పరంజా ఎక్కడం, క్రేన్ నడపడం ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు. పైగా మద్యం ఒంట్లో నీటిని లాగేస్తుంది. ఇక్కడి ఎండాకాలంలో వడదెబ్బకు అది దగ్గర దారి.

మీ సంగతి మీరే చూసుకోండి

కింది ప్రశ్నలకు ఎవరికీ చెప్పనక్కరలేదు, మీ మనసుకు మీరే జవాబు చెప్పుకోండి.

1. కొంచెమే తాగుదామని కూర్చుని ఎప్పుడూ ఎక్కువే తాగుతున్నారా?
2. మానాలని ప్రయత్నించి మానలేకపోయారా?
3. పొద్దున చేతుల వణుకు తగ్గడానికి తాగవలసి వస్తోందా?
4. రాత్రి ఏం జరిగిందో పొద్దునకు గుర్తుండటం లేదా?
5. తాగుడు వల్ల పని పోవడం, దెబ్బలు తగలడం, ఇంటికి డబ్బు పంపలేకపోవడం జరిగిందా?
6. తగ్గించుకోమని భార్యో, అన్నో, డాక్టరో చెప్పారా?

వీటిలో ఒక్కదానికి అవునన్నా డాక్టరుతో మాట్లాడటం మంచిది. మూడో ప్రశ్నకు అవునంటే ఆలస్యం చేయకండి.

డాక్టరు పరీక్ష ఎలా జరుగుతుంది?

మొదట మీ ప్రాంతపు ప్రభుత్వ క్లినిక్‌కు సివిల్ ఐడి, అదే మీ బతాకా, తీసుకుని వెళ్ళండి. భాష రాకపోతే అరబ్బీ గాని ఇంగ్లీషు గాని వచ్చిన తోటివాడిని వెంట తీసుకెళ్ళండి. అవసరమైతే వారు పెద్దాసుపత్రికి గాని, సబా ఆరోగ్య ప్రాంతంలోని మానసిక ఆరోగ్య కేంద్రానికి గాని పంపుతారు.

ముందు ప్రశ్నలు అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే 10 ప్రశ్నల పట్టిక చాలా దేశాల్లో వాడుకలో ఉంది. ఎంత, ఎన్ని రోజులకొకసారి, తాగాక ఏం జరిగింది అన్నవే అందులో ఉంటాయి. మొత్తం 40 మార్కులు. 8 లేదా ఎక్కువ వస్తే తాగుడు హాని చేసే స్థాయికి చేరిందని, 20 లేదా ఎక్కువ వస్తే మద్యానికి బానిసై ఉండవచ్చని, లోతుగా పరీక్షించాలని అర్థం. మార్కులు ఎక్కువ వచ్చాయని ఎవరూ తిట్టరు. ఏ చికిత్స ఇవ్వాలో తేల్చడానికే ఆ లెక్క.

తరువాత బి.పి., నాడి, చేతుల వణుకు, కాలేయం చూస్తారు. రక్త పరీక్ష, అవసరమైతే పొట్ట స్కానింగ్ చేస్తారు. డాక్టరుకు ఈ నాలుగు సంగతులు దాచకుండా చెప్పండి: ఆఖరిసారి ఎప్పుడు తాగారు, రోజుకు ఎంత, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా. క్వార్టరును పెగ్గు అని తగ్గించి చెబితే మందు మోతాదు తప్పుతుంది. నష్టం మీకే.

చికిత్సలో మొదటి వారం వణుకు, ఫిట్స్ రాకుండా మందులు, బి1 విటమిన్ ఇస్తారు. తరువాత తాగాలనే కోరికను తగ్గించే మందులు, మాటల ద్వారా సలహా ఉంటాయి. ఒకసారి మళ్ళీ తాగినంత మాత్రాన అంతా పోయినట్లు కాదు. షుగరు, బి.పి. లాగే దీనికీ మళ్ళీ మళ్ళీ చూపించుకోవాలి.

జాగ్రత్త: నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు ఊరి నుంచి తెప్పించుకోకండి. వీటిలో చాలావాటిపై ఇక్కడ నియంత్రణ ఉంది. డాక్టరు చీటీ లేకుండా దగ్గర ఉంటే మాదకద్రవ్యాల కేసు అవుతుంది.

భయాలు, జవాబులు

"ఆసుపత్రికి వెళితే పోలీసు కేసు అవుతుంది కదా?" కేసు ఉండదని మేము హామీ ఇవ్వలేము. విషమద్యం తాగి వచ్చినప్పుడు పోలీసులకు తెలియజేయవచ్చు, దేశం నుంచి పంపివేయవచ్చు కూడా. కానీ మనిషి ఇంటికి తిరిగి వెళ్ళడం వేరు, పెట్టెలో వెళ్ళడం వేరు. ముందు ప్రాణం, తరువాతే అకామా. కేసు అయితే రాయబార కార్యాలయం లేబర్ విభాగానికి వెంటనే తెలియజేయండి.

"ఊళ్ళో ఉండగా తాగేవాణ్ణి, ఇక్కడ తాగలేదు. చెప్పవచ్చా?" తప్పక చెప్పండి. మీ ఒంటి పరిస్థితి తెలియడానికి డాక్టరుకు అది అవసరం.

"ఊరికి వెళ్ళి చూపించుకుంటే?" అత్యవసరం కాకపోతే మంచిదే. సెలవులో వెళ్ళినప్పుడు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో గాని, హైదరాబాదు ఎర్రగడ్డ లేదా విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో గాని చూపించుకోండి.

తోటివారు చేయవలసినవి, చేయకూడనివి

మత్తులో స్పృహ తప్పిన వ్యక్తిని వెల్లకిలా పడుకోబెట్టకండి, వాంతి గొంతుకు అడ్డుపడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు దగ్గరే ఉండండి. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెంచా, తాళాలు పెట్టకండి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళు తాగించకండి. తాగినది మిగిలి ఉంటే ఆసుపత్రి వారికి చెప్పండి. క్యాంపు పెద్దకు తెలిస్తే గొడవని వెనకాడకండి. గదిలో నలుగురు ఉండి ఒకడు నిద్రలో చనిపోతే, ఆ నలుగురికీ జీవితాంతం నిద్ర ఉండదు.

ఇంటివారికి

మీ మనిషి ప్రయాణం ఖాయమైతే, రోజూ తాగే అలవాటు ఉన్నవాడైతే, కనీసం నెల ముందే డాక్టరుకు చూపించండి. భారత ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబర్లు 14446 (మత్తు అలవాటు మాన్పించడానికి), 14416 (మానసిక ఆరోగ్యానికి) ఇంటి నుంచి చేయవచ్చు. తాగుడు మాన్పించే మాత్రలను తెలియకుండా కూరలో కలిపి పెట్టకండి. ఆ మాత్ర మీద మద్యం పడితే ప్రాణాపాయం.

పాఠం చదివాక ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి

1. ఆఖరిసారి తాగిన మూడో రోజున మనిషికి లేనివి కనిపిస్తుంటే ఏం చేయాలి?
2. సారా తాగిన మరుసటి రోజు చూపు మసకబారితే ఎందుకు ఆగకూడదు?
3. డాక్టరుకు దాచకుండా చెప్పవలసిన నాలుగు సంగతులు ఏవి?

మూడింటికీ జవాబు తెలిసిన మనిషి ఒక్కడు గదిలో ఉన్నా చాలు, ఆ గదికి అతడే కాపలా. ఆ ఒక్కడు మీరు కావాలని మా కోరిక.