కరెంటు చివరగా ఎవరింటికి వచ్చింది? ఒక పరిశోధన దరఖాస్తు తయారయ్యే తీరు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. స్తంభాలు విరిగాయి, తీగలు తెగాయి, ఊరంతా చీకటైంది. తర్వాత కరెంటు వచ్చింది గానీ అందరికీ ఒకే రోజు రాలేదు. ఏ వీధికి ముందు వచ్చింది, ఏ వీధికి చివర వచ్చింది, ఆ వరుస ఎవరు పెట్టారు, ఎందుకలా పెట్టారు? సివిల్ ఇంజినీరింగ్‌లో ఈ ప్రశ్నల చుట్టూ ఇప్పుడొక పరిశోధన రంగమే ఉంది. వరదకూ తుఫానుకూ భూకంపానికీ తట్టుకునే వంతెనలు, నీటి పైపులు, విద్యుత్ లైన్లు కట్టడం అందులో సగం పని. ఆ తట్టుకునే శక్తి కాలనీకి అందినట్టే బస్తీకీ అందుతోందా అని లెక్కగట్టడం మిగతా సగం. అమెరికా, జపాన్, న్యూజిలాండ్, బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లోనూ, మన ఐఐటీల్లోనూ ఈ రంగంలో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ అవకాశాలున్నాయి.

వీటికి మన విద్యార్థులు దరఖాస్తు చేసే తీరు నాకు బాధ కలిగిస్తుంది. మార్కుల జాబితా, జీఆర్ఈ స్కోరు, ర్యాంకుల పట్టిక చూసి ఎంచుకున్న పది యూనివర్సిటీలు, చిన్నప్పటి నుంచీ కట్టడాలంటే ఆసక్తి అని మొదలయ్యే ఎస్ఓపీ (ఉద్దేశ పత్రం). తుఫాన్లు, వరదలు చూసి పెరిగినవాళ్లు ఆ మాటే ఎక్కడా రాయరు. ఈ రంగంలో దరఖాస్తు అలా తయారు కాకూడదు. ముందు సొంత ఊరి మీద ఒక చిన్న అధ్యయనం చేయాలి, దరఖాస్తు అందులోంచి పుట్టాలి. విశాఖనే ఉదాహరణగా తీసుకుని ఆ పని మొదటి నుంచి ఎలా సాగుతుందో చూద్దాం.

మొదట ప్రశ్నను కుదించాలి. 'వాతావరణ మార్పులు, మౌలిక సదుపాయాలు' అనేది సెమినార్ శీర్షిక మాత్రమే. 'హుద్‌హుద్ తర్వాత కొండవాలు బస్తీలకు కరెంటు రావడానికి మిగతా వార్డుల కంటే ఎక్కువ రోజులు పట్టిందా? పడితే అది లైన్లు వేసిన తీరు వల్లా, మరమ్మతు చేసిన వరుస వల్లా?' అన్నది ప్రశ్న. దీనికి 'తేడా లేదు' అనే జవాబు కూడా రావచ్చు, అలా వచ్చే వీలున్నప్పుడే అది పరిశోధన అవుతుంది. విజయవాడ విద్యార్థి అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తిన సింగ్‌నగర్‌లో తాగునీరు ఎప్పుడు తిరిగొచ్చిందో అడగవచ్చు. హైదరాబాద్ విద్యార్థి 2020 అక్టోబరు వరదలో ఏ నాలా పక్కవాళ్లు ఎన్ని రోజులు ఇంటికి తిరిగి రాలేకపోయారో అడగవచ్చు.

రెండో పని, వ్యవస్థ నడిచే తీరు తెలుసుకోవడం. ఇది పుస్తకాల్లో కన్నా పదవీ విరమణ చేసిన ఏఈల (అసిస్టెంట్ ఇంజినీర్ల) దగ్గర, లైన్‌మన్ల దగ్గర బాగా దొరుకుతుంది. తుఫాను తర్వాత ముందు పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్లు నిలబెడతారు. ఆ తర్వాత సబ్‌స్టేషన్లు, 33 కేవీ లైన్లు, 11 కేవీ ఫీడర్లు, వీధి ట్రాన్స్‌ఫార్మర్లు, చివరికి ఇంటి సర్వీసు తీగ. ఆసుపత్రులకు, నీటి పంపింగ్ కేంద్రాలకు ముందు ఇస్తారు. ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేరు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఉదాహరణకు ఒక బృందం చేతిలో ఒక రోజుంది. ఒక ఫీడర్ బాగుచేస్తే 4,000 ఇళ్లకు వెలుగు, కొండ మీదికి స్తంభాలు మోసుకెళితే 40 ఇళ్లకు వెలుగు. ఇంజినీరు మొదటిదే ఎంచుకుంటారు, ఎంచుకోవాలి కూడా. మర్నాడూ అదే లెక్క, ఆ మర్నాడూ అదే. ఎవరి మనసులోనూ వివక్ష లేకుండానే ఆ 40 ఇళ్లు ప్రతిసారీ చివరకు మిగిలిపోతాయి. కూలి పనికి వెళ్లాల్సిన మనిషి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకోవాల్సిన మనిషి ఆ ఇళ్లలోనే ఉండవచ్చు. ఈ సంగతి మీకు అర్థమైతే ఎస్ఓపీలో సగం రాసేసినట్టే.

మూడో పని డేటా. ఎక్కువ కాలం పట్టేది ఇదే, ఎక్కువ నేర్పేదీ ఇదే. ఏ రోజు ఏ ఫీడర్ బాగైందో డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) దగ్గర రికార్డు ఉంటుంది. మర్యాదగా అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. అది వచ్చేలోగా ఉచితంగా దొరికేది ఇంకొకటుంది. నాసా 'బ్లాక్ మార్బుల్' పేరుతో 2012 నుంచి ప్రతి రాత్రి భూమ్మీది దీపాల వెలుతురును సుమారు 500 మీటర్ల గడులుగా ఇస్తోంది. 2017లో మరియా హరికేన్ ప్యూర్టోరికోను చీకటి చేసినప్పుడు పరిశోధకులు దీనితోనే ఏ ప్రాంతం ఎన్నాళ్లు చీకట్లో ఉందో కొలిచారు. అక్కడ కొన్ని పల్లెలకు కరెంటు రావడానికి నెలల మీద నెలలు పట్టింది. అదే పద్ధతిలో 2014 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు విశాఖ రాత్రులను దింపుకోవచ్చు. మబ్బు పట్టిన రాత్రులు తీసేయండి. తుఫానుకు ముందు వారాల సగటుతో పోల్చి, ఏ గడి ఎప్పుడు మామూలు స్థితికి వచ్చిందో పైథాన్‌లో లెక్కవేయండి. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజిఐఎస్‌లో వార్డుల సరిహద్దులు, 2011 జనాభా లెక్కలు దాని మీద పరచండి.

మ్యాపు అందంగా వస్తుంది. వచ్చిన వెంటనే దాన్ని అనుమానించండి. ఈ డేటా పంపే ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. ఆ వేళకు ఇళ్లలో దీపాలు ఆరి ఉంటాయి, అది చూసేది ఎక్కువగా వీధిదీపాలనూ, పోర్టునూ, ఫ్యాక్టరీలనూ. వీధిదీపం లేని బస్తీ తుఫానుకు ముందూ చీకటే, తర్వాతా చీకటే. కాబట్టి లెక్కలో అది ఏమీ నష్టపోనట్టు కనిపిస్తుంది. ఒక్కో 500 మీటర్ల గడిలో అపార్టుమెంటూ దాని వెనక గుడిసెలూ కలిసిపోతాయి. పైగా హుద్‌హుద్ తర్వాత విశాఖ వీధిదీపాలు ఎల్ఈడీలకు మారాయి. ఎల్ఈడీ వెలుతురులోని నీలి భాగాన్ని ఆ ఉపగ్రహంలోని సెన్సర్ దాదాపు చూడలేదు, అంచేత 2014తో 2016ను నేరుగా పోల్చకూడదు. పేదల ఇల్లు డేటాలోనే కనపడకపోతే సమానత్వం గురించి ఆ డేటా ఏం చెబుతుంది? ఈ ఒక్క పేరా మీ దరఖాస్తులో ఉంటే చదివే ప్రొఫెసరు తప్పకుండా ఆగి చూస్తారు. పరిమితిని తానే పట్టుకున్న విద్యార్థి వాళ్లకు అరుదుగా దొరుకుతాడు.

అందుకే నాలుగో పనికి కాళ్లు కావాలి. ఉపగ్రహం చెప్పనిది మనుషులను అడగాలి. దీనికి మంచి నమూనా అమెరికాలో నార్త్ కరోలినాలోని లంబర్టన్ అనే చిన్న ఊరు. 2016 అక్టోబరులో మాథ్యూ హరికేన్ వచ్చినప్పుడు లంబర్ నది పొంగింది. ఊరికి రక్షణ కట్ట ఉంది, కానీ జాతీయ రహదారి కింద రైలు మార్గం వెళ్లేచోట అది తెరిచి ఉంది. నీళ్లు ఆ సందులోంచే లోపలికి వచ్చాయి. మునిగిన దక్షిణ, పశ్చిమ భాగాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది తక్కువ ఆదాయం గల నల్లజాతివారు, లంబీ తెగవారు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ కేంద్రంగా 2015లో ఏర్పడిన సామాజిక పునరుద్ధరణ పరిశోధన కేంద్రం, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కలిసి అక్కడికి వెళ్లాయి. గోడకు నీటి గుర్తు కొలిచే ఇంజినీర్లు, ఇంటివాళ్లతో మాట్లాడే సామాజిక శాస్త్రవేత్తలు ఒకే బృందంగా ఇల్లిల్లూ తిరిగారు. తర్వాతి ఏళ్లలో అవే ఇళ్లకు మళ్లీ వెళ్లారు. 2018లో ఫ్లోరెన్స్ హరికేన్‌తో ఆ ఊరు మళ్లీ మునిగింది. ఒకసారి వెళ్లి ఫొటోలు తీసుకుని వచ్చేసే అధ్యయనానికీ దీనికీ చాలా తేడా ఉంది.

మీరు వెళ్లేముందు కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటే అనుమతి తీసుకోండి. లేకపోతే గైడు సంతకంతో సమ్మతి పత్రం తెలుగులో రాసుకోండి, చదవడం రానివారికి చదివి వినిపించండి. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలోని నేచురల్ హజార్డ్స్ సెంటర్ 'కన్వర్జ్' పేరుతో ఉచిత ఆన్‌లైన్ పాఠాలు పెట్టింది. విపత్తు బాధితులను ఎలా పలకరించాలి, ఏం అడగకూడదు అన్నవి అందులో ఉన్నాయి. ముందు అవి పూర్తిచేయండి.

ఇక చదవడం రెండు పరిశోధన పత్రాలతో మొదలుపెడితే చాలు. రెండూ 2003లో వచ్చాయి. బ్రూనో, ఆయన సహచరులు పునరుద్ధరణ శక్తిని ఎలా కొలవాలో చెప్పారు: విపత్తు తర్వాత సేవ ఎంత పడిపోయింది, ఎన్నాళ్లకు లేచింది అన్న గీతకూ మామూలు స్థితికీ మధ్య పోయిన వైశాల్యం. సుసాన్ కట్టర్, ఆమె సహచరులు ఏ జనం ఎక్కువ దెబ్బతినే స్థితిలో ఉన్నారో సూచిక కట్టారు. మొదటిది ఊరంతటికీ ఒక్క గీత గీస్తుంది. రెండోది ఆ ఊళ్లో ఎవరెవరున్నారో చెబుతుంది. ఊరి సగటు నాలుగు రోజులని వస్తే అందులో ఒక రోజువాళ్లూ పన్నెండు రోజులవాళ్లూ దాక్కుంటారు, కాబట్టి వార్డుకో గీత గీయండి. ఈ రెంటినీ కలపడమే మీరు చేయబోయే పీహెచ్‌డీ.

ఇంతవరకు వస్తే చేతిలో పది పేజీల నివేదిక, మ్యాపు, కోడ్ ఉంటాయి. ఇప్పుడు గైడును వెతకాలి. ర్యాంకుల పట్టిక పక్కన పెట్టి, మీరు చదివిన పత్రాల రచయితలు ఎక్కడున్నారో చూడండి. గాలి మీద ఆసక్తి ఉంటే ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీలో తుఫాను గాలిని పుట్టించే ఫ్యాన్ల గోడ ఉంది. అలలైతే ఒరెగాన్ స్టేట్, కంప్యూటర్ నమూనాలైతే బర్క్‌లీలోని సిమ్‌సెంటర్. జపాన్‌లో 1951 నుంచి పనిచేస్తున్న క్యోటో విశ్వవిద్యాలయ విపత్తు నివారణ సంస్థ ఉంది, దానికి జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ మీద వెళ్లవచ్చు. మన దగ్గర ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భూకంప ఇంజినీరింగ్ కేంద్రం, ఐఐటీ రూర్కీలో దానికే ప్రత్యేక విభాగం, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)లో విపత్తు అధ్యయనాల స్కూలు ఉన్నాయి. ఐఐటీలకు సాధారణంగా గేట్ స్కోరు కావాలి. 2023లో పెంచిన లెక్క ప్రకారం జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. తక్కువేం కాదు. సొంత ఊరి సమస్య మీద పనిచేయాలనుకునేవారు ఇక్కడే ఉండటాన్ని రెండో రకం దారిగా చూడొద్దని నా గట్టి మాట.

ప్రొఫెసరుకు ఈమెయిలు చిన్నగా ఉండాలి. వారి ఫలానా పత్రంలో ఫలానా ఊహ విశాఖలో ఎందుకు నిలవదని మీకనిపించిందో రెండు వాక్యాలు, మీరు చేసిందేమిటో మూడు వాక్యాలు, మ్యాపుకు లింకు, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా అన్న ప్రశ్న. గౌరవ వాక్యాల దండకం అక్కర్లేదు. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో ఉంటాయి కనుక ఆగస్టు, సెప్టెంబరుల్లోనే రాయాలి. సిఫారసు లేఖ రాసే మీ అధ్యాపకులకు పది పేజీల నివేదిక ముందే ఇవ్వండి. లేకపోతే 'కష్టపడే విద్యార్థి' అని తప్ప వారేం రాయగలరు?

అవకాశం వచ్చినప్పుడు డబ్బు గురించి మొహమాటపడొద్దు. ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ ఉందా, అది ఎన్నేళ్లకు హామీ, ఏ గ్రాంటు నుంచి వస్తోంది, ఆ గ్రాంటు ఎప్పుడు ముగుస్తుంది అని అడగండి. 2025లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ సమానత్వానికి సంబంధించిన చాలా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది, విద్యార్థులు ఇబ్బంది పడ్డారు. కనుక ఇది ఇప్పుడు తప్పనిసరి ప్రశ్న. అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పే గడువిస్తాయి. తొందరపెడితే ఆ తేదీ గుర్తుచేయండి.

పోస్ట్‌డాక్ సంగతి క్లుప్తంగా. పీహెచ్‌డీలో ప్రశ్న అడగడం నేర్చుకుంటారు, పోస్ట్‌డాక్‌కు వచ్చేసరికి ప్రశ్న మీదే అయి ఉండాలి. సాధారణంగా ఏడాదికి ఇచ్చి పొడిగిస్తారు. ప్రకటన కోసం ఎదురుచూడకుండా, మీకు లేని నైపుణ్యం ఉన్న ల్యాబుకు రాయండి. నిర్మాణాలు తెలిసినవారు సామాజిక శాస్త్రవేత్తల దగ్గరకు, సర్వేలు తెలిసినవారు నెట్‌వర్క్ నమూనాల దగ్గరకు వెళ్లాలి. భారత్‌లో ఉన్నవారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌లలో పీహెచ్‌డీ మధ్యలో వెళ్లేందుకు ఒకటి, పూర్తయ్యాక వెళ్లేందుకు ఒకటి ఉన్నాయి. వాటి మీద వెళ్లినవారు తిరిగివచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలి.

సీటు వచ్చినా రాకపోయినా ఒక పని మిగిలే ఉంటుంది. మీ మ్యాపును, అది చెప్పినదానిని రెండు పేజీల్లో తెలుగులో రాసి, మీ ప్రశ్నలకు జవాబిచ్చిన వీధిలో చదివి వినిపించండి. ఒక ప్రతి వార్డు సచివాలయంలో, ఒక ప్రతి డిస్కం కార్యాలయంలో ఇవ్వండి. వచ్చే తుఫానుకు ముందు ఆ కాగితం వాళ్ల చేతిలో ఉండాలి.